నన్ను అడిగి ఎక్కించిన మందు

పాలకొల్లుకు దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే నాకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చి, మందులకు తగ్గి, రెండేళ్ళు నెమ్మదించి, ఆ తరవాత తిరగబెట్టింది. తిరగబెట్టినప్పుడు వాడిన మందులకు అది లొంగకపోవడంతో, ఇంకా పరీక్ష దశలోనే ఉన్న ఒక కొత్త మందు కోసం క్లినికల్ ట్రయల్‌లో చేరాను. ఇప్పుడు కొంత తెరిపిన పడ్డాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మా వైపు ట్రయల్ అనే మాట వినగానే మనుషులు ముఖం ఎలా పెడతారో చూశాను కాబట్టి, రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదటి విడత గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. మెడ పక్కన గడ్డ, పక్కబట్టలు తడిసిపోయేలా రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, బయాప్సీ, ఆ తరవాత ఆర్-చాప్ అనే కీమోథెరపీ. ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్‌ఎస్) కార్డు ఉండబట్టి ఖర్చుకు తట్టుకోగలిగాం. జుట్టు రాలడం, నోటిపూత, వాంతులు ఈ దారిలో నడిచినవాళ్ళందరికీ తెలిసినవే.

గజ్జల్లో మళ్ళీ గడ్డ తగిలినప్పుడు వేరే మందులు మొదలుపెట్టారు. మొదట్లో వాడిన మందుల్లో డాక్సోరూబిసిన్ అనేది గుండె కండరాన్ని బలహీనపరచగలదు. నా గుండె కొంత నీరసించి ఉండడంతో మూలకణాల మార్పిడికి తట్టుకోలేనన్నారు. రోగి రక్తంలో ఉండి జబ్బులతో పోరాడే టి-కణాలనే మార్చి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్సకు మన దేశంలో తయారైనదానికి 2023లో అనుమతి వచ్చింది గాని, దాని ఖర్చు మా ఇంటికి అందేది కాదు. ఆ సమయంలో నేను చూపించుకుంటున్న పెద్దాసుపత్రి డాక్టరుగారు స్కాను కాగితాలు పక్కకు జరిపి, ఎదురుగా కూర్చున్న నన్ను వదిలేసి మావారి వైపు తిరిగి, "ఇక చేసేదేమీ లేదండీ. ఇంటికి తీసుకెళ్ళి ఆవిడకి ఇష్టమైనవి పెట్టండి" అన్నారు. నా వయసెంతో, నేనేం చదువుకున్నానో, నాకేం తెలుసుకోవాలనుందో ఆయనకు అక్కర్లేకపోయింది. రోగి ఎదుట కూర్చుని ఉండగా ఆమె చావు గురించి ఇంకొకరితో మాట్లాడే హక్కు ఏ డాక్టరుకూ లేదని నేను ఇప్పటికీ అంటాను.

మావారు ఆ మాటను అక్షరాలా పాటించారు. అవి వరద రోజులు, గోదావరి ఎర్రబడి ఉంది. సిద్ధాంతం వంతెన దగ్గర పులస దొరుకుతోందని తెలిసి, ధర మాట నాకు చెప్పకుండా వెళ్ళి తెచ్చారు. మా అక్క ముందురోజు రాత్రే కుండలో బెండకాయలు వేసి పులుసు పెట్టి, పైన వెన్న వేసి, ముక్కకు పులుసు పట్టడానికి మర్నాటిదాకా కదపకుండా ఉంచింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మా వైపు. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, నన్నే చూస్తున్న నలుగురి ముఖాలూ చూశాక, ఇది నాకు పెడుతున్న ఆఖరి విందని అర్థమై ముద్ద గొంతు దిగలేదు. ఎవరూ ఏడవలేదు. మావారు ఒక్కొక్క ముల్లూ తీసి ముక్కలు నా కంచంలో వేస్తూనే ఉన్నారు. ఆయన ప్రేమను తప్పుపట్టను. ఆ ప్రేమకు అలాంటి పని అప్పగించిన మాటను మాత్రం క్షమించలేను.

మా అబ్బాయి ఊరుకోలేదు. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌నూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ-ఇండియాలో నమోదు చేయాలి. అది 2009 నుంచి తప్పనిసరి. అందులో ఎవరైనా వెతుక్కోవచ్చు. వాడు నా జబ్బు పేరుతో వెతికి, హైదరాబాదులో ఒక కేంద్రం కనుక్కొని, నా కాగితాలన్నీ అక్కడికి పంపాడు. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం చేసి వెళ్ళాం.

అక్కడ కోఆర్డినేటర్‌గా పనిచేసే అమ్మాయి తెలుగులో ఉన్న కాగితాల కట్ట ఒకటి నా ముందు పెట్టి, మావారి ముందు కాదు, నా ముందు పెట్టి, ఒక్కొక్క పేజీ చదివి వినిపించింది. ఆ మందు ఒక చేత్తో క్యాన్సర్ కణాన్నీ మరో చేత్తో నా టి-కణాన్నీ పట్టుకొని రెండింటినీ ఎదురెదురుగా నిలబెడుతుందని, అప్పుడు టి-కణం తన పని తాను చేస్తుందని చెప్పింది. మా విడతలో చేరినవారందరికీ అసలు మందే ఇస్తారని, ఉత్తుత్తి మందు ఎవరికీ ఇవ్వరని చెప్పింది. "మీకు పని చేయకపోవచ్చమ్మా. ప్రాణం మీదికి కూడా రావచ్చు. చేరిన తరవాత ఏ రోజైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. చేరకపోయినా ఇక్కడ మీకు చేసే వైద్యం ఆగదు. ఇంటికి తీసుకెళ్ళి చదువుకొని, అడగాలనుకున్నవి రాసుకొని రండి" అన్నది. బతుకుతానని ఆమె ఎక్కడా మాట ఇవ్వలేదు. అయినా నాకు అంత ధైర్యం రావడానికి కారణం ఒక్కటే. జబ్బు వచ్చినప్పటి నుంచి నా శరీరం గురించి ఒకరు నన్ను అడగడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక మా బావగారు కాగితాలు చూసి కోపగించుకున్నారు. "మనమేమైనా కుందేళ్ళమా, ఎలుకలమా అమ్మా? ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు ఏం జరిగిందో మరిచిపోయావా?" అన్నారు. మరిచిపోలేదు. 2009లో ఆ జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరుతో వేలమంది బాలికలకు టీకాలు వేశారు. కొందరు పిల్లలు చనిపోయిన వార్తలు వచ్చాక 2010లో ప్రభుత్వం దాన్ని ఆపించింది. టీకా వల్లనే చనిపోయారని విచారణలో తేలలేదు గాని, చాలామంది పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించిన సంగతి తేలింది. ఉపాధ్యాయురాలిగా ఆ సంగతి నన్ను అప్పుడూ కలచివేసింది, ఇప్పుడూ కలచివేస్తుంది. బావగారి భయం న్యాయమైనదే. కాని ఆ పిల్లలకు జరిగిన అన్యాయం వాళ్ళను అడగకపోవడం. నన్ను అడుగుతున్నారు. పైగా 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, పరిహారం ఇవ్వాలి. ఆ సంగతి కాగితంలోనే రాసి ఉంది.

నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే ఆయనకూ చెప్పాను. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి మేలు కనబడింది. ఆ మేలు నిలవలేదు, కొన్ని నెలలదే. కాని అంతకుముందు ఆ జబ్బుకు ఆ కొన్ని నెలలు కూడా లేవు. దాని వరసలోదే అయిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. ఎవరో తల్లులు ఆ పిల్లలను ముందుకు తీసుకురాబట్టే కదా అది మనదాకా వచ్చింది అన్నాను. బావగారు ఒప్పుకోలేదు గాని, నేను బయలుదేరిన రోజు రైల్వే స్టేషనుకు వచ్చి నా సంచీ ఆయనే మోశారు.

మందు మోతాదు మెల్లగా పెంచుతారు. పెంచిన ఒక రోజు సాయంత్రం మొదలైంది నా కాళరాత్రి. మొదట మంచం ఊగిపోయేంత వణుకు, తరవాత 103 డిగ్రీల జ్వరం, ఆ తరవాత రక్తపోటు పడిపోవడం. మేలుకున్న టి-కణాలు ఒక్కసారిగా విడుదల చేసే రసాయనాల వల్ల ఇలా జరగవచ్చని కాగితంలో చదివే ఉన్నాను. చదవడం వేరు, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే మావారి చెయ్యి కూడా ఆనకపోవడం వేరు.

మందు మెదడు మీద ప్రభావం చూపుతోందేమో తెలుసుకోవడానికి అక్కడ కొన్ని గంటలకోసారి చిన్న పరీక్ష పెడతారు. మీరెక్కడున్నారు, ఈ వస్తువు పేరేమిటి, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టండి, ఒక వాక్యం రాయండి. నేను ఎంచుకున్న వాక్యం "మా కాలువకు నీళ్ళు వదిలారు". ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది కేరళ నుంచి వచ్చిన నర్సు. తెలుగు కొద్దిగా మాట్లాడుతుంది, చదవడం రాదు. "అమ్మా, రాయండి" అని అట్టకు తగిలించిన కాగితం ఇచ్చింది. రాశాను, సరిగానే రాశానని అనుకున్నాను. ఆమె సాయంత్రం రాసిన కాగితం తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. తరవాత నేనూ చూశాను: "నీళ్ళు"లో ఒత్తు లేదు, "వదిలారు" గీతమీద నుంచి జారి కాగితం అంచుకు పోయింది. ముప్ఫై ఏళ్ళుగా నల్లబల్ల మీద రాసిన చేతివ్రాత అది. చదవడం రాని ఆ పిల్ల అక్షరాల ఆకారం మారిందని గుర్తుపట్టి, వంద నుంచి లెక్కపెట్టమన్నది. డెబ్భై దగ్గర ఆగిపోయాను. తరవాతది ఏదో నాకు తెలియలేదు. పిల్లలకు ఎక్కాలు నేర్పిన నాకు అరవై దొరకలేదు.

అర్ధరాత్రి దాటాక ఆమె డాక్టరును నిద్ర లేపించింది. ఆ రసాయనాల ఉధృతిని అణిచే టోసిలిజుమాబ్ అనే మందు, స్టెరాయిడ్లు, ఆక్సిజన్ ఇచ్చారు. తెల్లవారేదాకా ఆమె నా మంచం దగ్గరనుంచి కదలలేదు. ఉదయం లెక్క సున్నాదాకా వచ్చింది. క్షీరారామలింగేశ్వరుడికి మావారు మొక్కుకున్నారట. నేనూ దణ్ణం పెట్టుకున్నాను, కాని ఆ రోజు నా కళ్ళకు దేవుడు తెల్లని యూనిఫారంలోనే కనబడ్డాడు.

కొన్ని నెలల తరవాతి పెట్ స్కానులో చురుకైన జబ్బు కనబడలేదు. నయమైపోయిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. ఇన్ఫెక్షన్ల భయం ఉంది కాబట్టి తీర్థాలకూ పెళ్ళిళ్ళకూ వెళ్ళడం మానేశాను. ట్రయల్‌వాళ్ళు ఇచ్చిన కార్డు ఎప్పుడూ సంచీలోనే ఉంటుంది. ఒకసారి ఊళ్ళో జ్వరం వస్తే మా ఆర్‌ఎంపీ డాక్టరు ఆ కార్డు చూసి, తాను ఇంజెక్షన్ చెయ్యకుండా, అందులో ఉన్న నెంబరుకు ఫోన్ చేసి వాళ్ళు చెప్పినట్టు నడుచుకున్నాడు. పెద్ద చదువులు చదవని ఆ మనిషి చూపిన వివేకాన్ని తలుచుకున్నప్పుడల్లా పెద్దాసుపత్రి గది గుర్తొచ్చి నాకు మళ్ళీ కోపం వస్తుంది.

పోడూరు నుంచి, ఆచంట నుంచి ఇప్పుడు కొందరు మా ఇంటికి వచ్చి అడుగుతున్నారు. చేరమనీ చెప్పను, వద్దనీ చెప్పను. రిజిస్ట్రీలో నమోదు నెంబరు అడగండి, రోగుల హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నెంబరు అడగండి, అది ఎన్నో దశ ట్రయలో, ప్రయాణ ఖర్చులు ఎవరు పెట్టుకుంటారో అడగండి, సంతకం పెట్టిన కాగితం ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, రోగితో మాట్లాడకుండా కొడుకుతోనో భర్తతోనో సంతకం పెట్టిద్దామని చూస్తే లేచి వచ్చేయండి అని మాత్రం చెబుతున్నాను.

నా తరవాతి స్కాను కార్తీకంలో. ఈ ట్రయల్ ముగిశాక ఎంతమందికి పని చేసిందో, ఎంతమందికి చేయలేదో ఆ ఫలితాలు కూడా మాకు తెలుగులో రాసి ఇవ్వాలని కోఆర్డినేటర్‌ను అడిగాను. పై వాళ్ళతో మాట్లాడి చెబుతానన్నది. ఈసారి వెళ్ళినప్పుడు మళ్ళీ అడుగుతాను.