తీర్పు ఇచ్చేముందు

"ఆ అమ్మాయికి బాధ్యత లేదండీ" అని తేల్చేశారు మా సహోద్యోగి, ఆమె సమావేశానికి ఆలస్యంగా వచ్చిందని. ఆమె చెప్పుల నిండా బురద, చేతిలో తడిసిన ఫైలు.

మొన్న తను ఆలస్యమైనప్పుడు ఆయన ట్రాఫిక్ అన్నారు. అదీ నిజమే, నేనూ ఆ దారినే వచ్చాను.

1967లో జోన్స్, హ్యారిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూనో వ్యతిరేకిస్తూనో రాసిన వ్యాసాలను కొందరు విద్యార్థులతో చదివించారు. ఏ పక్షాన రాయాలో రచయితకు ముందే నిర్దేశించారని చెప్పినా, అది అతని సొంత అభిప్రాయమే అనుకోవడం వైపే చదివినవాళ్లు మొగ్గారు. తెలిసి కూడా!

ఎదుటి మనిషి ఇబ్బంది కళ్లెదుటే ఉన్నా లెక్కలోకి రాకపోవడం నన్ను నిజంగా కలవరపెడుతోంది. మీరు పనిచేసే చోట కూడా ఇంతేనా?