యాళ్ దేవి దిగాక

2019 ఫిబ్రవరిలో కొలంబో ఫోర్ట్‌లో జాఫ్నా వెళ్లే యాళ్ దేవి రైలు ఎక్కాను. మధ్యాహ్నానికి ఒళ్లు హూనం. కప్పులో టీ సగం ప్యాంటు మీదే పోయింది. ఉత్తరాన ఓమందై స్టేషన్ దాటాక మాత్రం కుదుపులు చటుక్కున ఆగిపోయాయి. శ్రీలంక అంతర్యుద్ధం జరిగిన చోటే రైలు ఇంత సాఫీగా పోవడమేంటా అనుకున్నాను. కారణమూ యుద్ధమే. 1990లో ఆగిపోయిన లైను ఇది. పట్టాలూ స్లీపర్లూ బంకర్లకు పోయాయి. మిగిలిందేమీ లేదు కాబట్టి భారత్ ఇచ్చిన అప్పుతో అంతా కొత్తగా వేశారు. జాఫ్నాకి రైలు మళ్లీ వచ్చింది 2014 అక్టోబరులో.

జాఫ్నా గురించి చాలామంది రాశారు, వదిలేస్తున్నా. కూతవేటు దూరానికి ఆటో అతను 500 శ్రీలంక రూపాయలు గుంజాడు, అదొక్కటీ మర్చిపోలేను.

తిరుగు ప్రయాణంలో కిళినొచ్చి దాకా బస్సులో వెళ్దామనిపించింది. కొడికామంలో ఒకావిడ ఎక్కింది, యాభై ఏళ్లుంటాయి. అమ్ముడుపోని తాటాకు బుట్టల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి ఒళ్లో పెట్టుకుంది. నా వచ్చీరాని తమిళం విని నవ్వి, "ఇండియావా తంబీ? మా ఇల్లు మీదే" అంది.

యుద్ధంలో ఇళ్లు పోయినవాళ్లకి భారత్ పెట్టిన 50,000 ఇళ్ల పథకంలో ఆవిడకీ ఒకటి వచ్చిందట. 5,50,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు, తిరిగి కట్టక్కర్లేదు. కాకపోతే ఎవరిల్లు వాళ్లే కట్టుకోవాలి. ఊరు ఊరంతా ఒకేసారి పునాదులు తీస్తే ఇసుక ధర, మేస్త్రీ కూలీ ఊరుకుంటాయా? పైకప్పు దగ్గరికొచ్చేసరికి డబ్బు నిండుకుంది. అప్పటికే రోడ్డు పొడుగునా అప్పులిచ్చే కంపెనీలు వెలిశాయి. ఒకటి తీర్చడానికి ఇంకోటి. పాలిథిన్ కవర్లోంచి పాస్‌బుక్ తీసి చూపించింది. వారానికో సంతకం, ఒక్క గడీ ఖాళీ లేదు.

"పోయినేడు ప్రభుత్వం ఆడవాళ్ల అప్పులు మాఫీ చేసింది కదా, అక్కా?"

"కరువు జిల్లాల్లో, లక్ష లోపు అప్పులకి. అదీ మూడు నెలలు కట్టనివాళ్లకే! నేను గొలుసు కుదువపెట్టి మరీ కట్టాను, తంబీ." ఈసారి నవ్వలేదు.

ఏనుగుల కనుమ (ఎలిఫెంట్ పాస్) వచ్చింది. అటూ ఇటూ తెల్లటి ఉప్పునేల. మధ్యలో ఏ9 రోడ్డు నున్నగా మెరుస్తోంది. దీన్ని బాగుచేసింది చైనా అప్పుతో. పట్టాలకేమో మన అప్పు. వాటికి కిస్తీ అడగడానికి మోటార్ సైకిల్ మీద ఎవరూ ఇంటికి రారు.

ఒక బుట్ట కొంటానన్నాను. 350 చెప్పింది. అలవాటుకొద్దీ 300కి అడిగాను. ఇచ్చేసింది.

పరందన్‌లో దిగబోతూ, పాస్‌బుక్ కవర్లో ఉందో లేదో మళ్లీ తడిమి చూసుకుంది.