ఆఫీసర్ రివాల్వర్ ఎవరిచ్చారు? లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో నా అనుభవం

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయికి రైఫిల్‌ని సైన్యమే ఇచ్చేది. ఆఫీసర్ మాత్రం యూనిఫాం, కత్తి, బైనాక్యులర్స్‌తో పాటు రివాల్వర్ కూడా సొంతంగా సమకూర్చుకోవడం ఆనవాయితీ. ఏ కంపెనీదైనా సరే, సర్కారు తూటా అందులో పట్టాలి. అప్పట్లో అది .455 (అంగుళాల్లో తూటా సైజు). చాలామంది లండన్ విక్టోరియా స్ట్రీట్‌లోని ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌లోనో, కత్తులు చేసే విల్కిన్సన్ కంపెనీ వాళ్ల దగ్గరో కొనేవాళ్లు. దీనికి ఒక ఆఫీసర్ సొంత కాగితాల్లో ఆధారం చూడాలనిపించింది. నేనుండేది లండన్‌లోనే కాబట్టి క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లాను.

ముందు రీడర్స్ టికెట్ తీసుకోవాలి. దానికి గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ కావాలి. మాది అద్దిల్లు, బిల్లులన్నీ ఓనర్ పేరు మీదే ఉంటాయి. కాస్త టెన్షన్ పడ్డాను గానీ బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో పని అయిపోయింది. బ్యాగు లాకర్లో పెట్టేయాలి, లోపలికి పెన్ను తీసుకెళ్లకూడదు, పెన్సిల్ ఒక్కటే. ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు, డబ్బులేమీ అడగరు.

ఆఫీసర్ల ఫైళ్లు డబ్ల్యూఓ (వార్ ఆఫీస్, అంటే అప్పటి యుద్ధ శాఖ) 339, డబ్ల్యూఓ 374 అనే వరుసల్లో ఉన్నాయి. అసలు సర్వీసు ఫైళ్లు 1940 బాంబు దాడిలో కాలిపోయాయి. మనకి దొరికేవి ఉత్తర ప్రత్యుత్తరాల ఫైళ్లు మాత్రమే. నేను తెప్పించుకున్నది ఫ్రాన్స్‌లో చనిపోయిన ఒక కుర్ర లెఫ్టినెంట్‌ది. ముందు కమిషన్ (ఆఫీసర్ హోదా) కోసం దరఖాస్తు, దాని మీద నడవడిక మంచిదని హెడ్మాస్టర్ సంతకం. తర్వాత మెడికల్ బోర్డు కాగితాలు. తుపాకీ ఇచ్చినట్టు ఎక్కడా రసీదు లేదు. చివర్లో ఒక పల్చటి టైపు కాగితం తగిలింది, ఇంటికి పంపిన వస్తువుల జాబితా: చేతి గడియారం, దిక్సూచి, విజిల్, సిగరెట్ కేసు, చెక్‌బుక్. దాని వెనకే తండ్రి రాసిన ఉత్తరం. నేను కొనిచ్చిన కోల్ట్ రివాల్వర్ రాలేదు, కనుక్కోగలరా అని అడిగాడాయన. కొడుకు పోయాక కూడా ఆ వస్తువు కోసం అంత మర్యాదగా అడిగిన తీరు చదువుతుంటే గొంతు పట్టేసింది. నేను వెతుకుతున్న ఆధారం కూడా అదే.

అమెరికా కోల్ట్ ఎందుకంటే, 1914 తర్వాత వేలకొద్దీ కొత్త ఆఫీసర్లు చేరారు, బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ అనే తుపాకుల కంపెనీ ఒక్కటే అందరికీ సరిపోలేదు. 1915 మేలో వాళ్ల కొత్త రివాల్వర్ వెబ్లీ మార్క్ 6 వచ్చాక కూడా కొరత తీరలేదు. ప్రభుత్వమే కోల్ట్, స్మిత్ అండ్ వెసన్‌లతో పాటు స్పెయిన్ రివాల్వర్లు కూడా కొనాల్సి వచ్చింది.

మీరూ వెతకాలనుకుంటే సర్వీసు వివరాల దగ్గరే ఆగకండి, చనిపోయిన ఆఫీసర్ల ఫైళ్లలో వస్తువుల జాబితా, ఇంటివాళ్ల ఉత్తరాలు తప్పక చూడండి. మద్రాసు రెజిమెంట్ల లాంటి భారత సైన్యపు బ్రిటిష్ ఆఫీసర్ల కోసమైతే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌కి వెళ్లాలి. అక్కడ రీడర్ పాస్ వేరే తీసుకోవాలి.