ఆడమ్ ఇంకా బోనులోనే: సూపర్‌నేచురల్ 200వ ఎపిసోడ్

మన డైలీ సీరియల్‌కి 200 ఎపిసోడ్లంటే పెద్ద లెక్క కాదు. సోమవారం నుంచి శనివారం దాకా వేస్తూ పోతే ఎనిమిది నెలల్లో దాటేస్తుంది. అప్పటికి హీరోయిన్‌కి పెళ్లయిందో లేదో కూడా తేలదు. అమెరికాలో వారానికి ఒక్కటే, సీజన్‌కి 22 లేదా 23. పైగా రచయితల సమ్మె వల్ల మూడో సీజన్ 16తోనే ఆగిపోయింది. అలా 2005 సెప్టెంబర్‌లో మొదలైన ‘సూపర్‌నేచురల్’ (దెయ్యాల్ని, రాక్షసుల్ని వేటాడే అన్న డీన్, తమ్ముడు శామ్‌ల కథ) 200 దాకా వచ్చేసరికి 2014 నవంబర్ 11 అయింది. పదో సీజన్‌లో ఐదోది, పేరు ‘ఫ్యాన్ ఫిక్షన్’ (అంటే అభిమానులు తమకి నచ్చిన పాత్రలతో సొంతంగా అల్లుకునే కథలు). రాసింది రాబీ థాంప్సన్, డైరెక్ట్ చేసింది ఫిల్ స్గ్రీషియా.

ఇలాంటి మైలురాయికి ఎవరినో చంపడమో, చచ్చినవాళ్లని వెనక్కి తేవడమో మామూలు పద్ధతి. థాంప్సన్ ఆ జోలికి పోలేదు. తొమ్మిదేళ్లుగా ఫ్యాన్స్‌కి పడ్డ బాకీలన్నీ ఒక స్కూల్ స్టేజీ మీద తీర్చేశాడు. ఈ ఎపిసోడ్ గొప్పతనమంతా అక్కడే ఉంది. కానీ ఏ బాకీ ఎప్పటిదో తెలియకుండా చూస్తే మాత్రం ఇది పాటలున్న ఓ కామెడీలా దాటిపోతుంది.

కథ చిన్నదే. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో ఓ అమ్మాయిల స్కూలు. చక్ షర్లీ అనే రచయిత రాసిన ‘సూపర్‌నేచురల్’ నవలల్ని మరీ అనే అమ్మాయి మ్యూజికల్‌గా వేయిస్తోంది. అంటే శామ్, డీన్‌ల జీవితాన్నే. నాటకాన్ని ఆపాలనుకున్న టీచరమ్మ మాయమైపోతుంది. కేసు కోసం వచ్చిన అన్నదమ్ములు తలుపు తీస్తే లోపల తమ వేషాల్లో స్కూలు పిల్లలు పాడుతుంటారు. డీన్ మొహం చూడాలి! సూపర్‌నేచురల్‌లో పాటలు ఉండవని గొడవకి దిగుతాడు, ఒకవేళ ఉన్నా క్లాసిక్ రాక్ అయ్యుండాలంటాడు.

ముందుగా చూసుకోవాల్సినవి ఏడు. మొదటి ఎపిసోడ్, 3వ సీజన్ 8, 4వ సీజన్ 18, 5వ సీజన్‌లో 9, 16, 18, 22. ఒక్కోటి 42 నిమిషాల లెక్కన ఐదు గంటల పని. టైము లేకపోతే 5వ సీజన్ 9ని వదిలేయొచ్చు. అందులో ఉన్నది ఫ్యాన్స్ సమావేశం మీద సరదా మాత్రమే. 4వ సీజన్ 18 మాత్రం వదలొద్దు. చక్, అతని నవలలు, కార్వర్ ఎడ్‌లండ్ అనే అతని కలంపేరు (షో రచయితలు జెరెమీ కార్వర్, బెన్ ఎడ్‌లండ్ పేర్లు అతికించింది) అన్నీ అక్కడే మొదలు.

ఇక లాకెట్ సంగతి. 3వ సీజన్ 8లో చిన్నప్పటి క్రిస్మస్ వస్తుంది. నాన్న కోసం దాచిన లాకెట్‌ని, ఆయన రాకపోవడంతో, శామ్ అన్నకిచ్చేస్తాడు. 5వ సీజన్ 16లో డీన్ దాన్ని తమ్ముడి కళ్లముందే చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోతాడు. ఫ్యాన్స్ మర్చిపోలేదు, క్షమించనూ లేదు. 200లో మరీ తన నాటకంలో వాడిన ఉత్తుత్తి లాకెట్‌ని డీన్ చేతిలో పెడుతుంది. తమ్ముడంటే ఏంటో గుర్తుచేయడానికి గుర్తులు అక్కర్లేదంటాడు. అయినా అది వీళ్ల కారు ఇంపాలా అద్దానికి వేలాడుతుంది. క్షమాపణలు లేవు, వివరణలు లేవు. అసలు లాకెట్‌ని తిరిగి తెచ్చుంటే ఇంత బాగుండేది కాదు. (అది తర్వాత వచ్చింది, 11వ సీజన్ 20లో.)

ఆడమ్‌ది ఇంకా గడుసు దెబ్బ. వీళ్ల నాన్నకి ఇంకొకావిడ వల్ల పుట్టిన కొడుకు, అంటే సవతి తమ్ముడు. 100వ ఎపిసోడ్ (5వ సీజన్ 18) నడిచిందే అతని చుట్టూ. సీజన్ చివర్లో లూసిఫర్‌తో (అంటే సాతానుతో) పాటు నరకంలోని బోనులో పడ్డాడు, ఆ తర్వాత 200 దాకా రచయితలు అతన్ని దాదాపు మర్చిపోయారు. 200లో పిల్లలంతా వరసగా నిలబడి ‘క్యారీ ఆన్ వేవర్డ్ సన్’ అందుకుంటారు. ఒరిజినల్ రాక్ పాటని దాదాపు ప్రతి సీజన్ ముగింపు ఎపిసోడ్ మొదట్లో వినీ వినీ ఉన్నాం. ఇక్కడ గిటార్ల జోరు లేకుండా మెల్లగా మొదలై, ఒక్కో గొంతూ కలుస్తూ పోతుంది. కళ్లు చెమర్చే సమయానికి, ఆ పక్కనున్నది ఎవరని అన్నదమ్ములు అడుగుతారు. ఆడమ్, ఇంకా బోనులోనే ఉన్నాడుగా, అంటుంది మరీ. అన్నదమ్ముల దగ్గర మాట లేదు. రచయితలు తమ తప్పుని తమ హీరోల మొహం మీదే కొట్టుకోవడం ఇంకే షోలోనూ ఇంత హాయిగా జరగలేదేమో.

లోపాలు లేకపోలేదు. విలన్ కాలియోపీ గ్రీకు కావ్యదేవత. కథ ప్రదర్శన పూర్తయ్యేదాకా రచయితని కాపాడి, ఆ తర్వాత తినేస్తుంది. ఐడియా బ్రహ్మాండం, కానీ ఆమెకి దొరికిన టైము తక్కువ, చావు తేలిక. అన్నదమ్ముల స్నేహితుడైన దేవదూత కాస్టియెల్ నాటకంలో పాత్రగానే తప్ప అసలు మనిషిగా కనిపించడు. అది చాలామందికి మింగుడు పడలేదు. నవలల్లో లేని, 5వ సీజన్ తర్వాత జరిగిందంతా డీన్ చెబితే, ఇంత చెత్త ఫ్యాన్ ఫిక్షన్ వినలేదని ఆ నాటకం పిల్ల నవ్వేస్తుంది. 6, 7 సీజన్లు ఇష్టపడేవాళ్లకి అది గుచ్చుకోవచ్చు.

2019 ఫిబ్రవరి 7న వచ్చిన 300వది ‘లెబనాన్’ దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. మామూలు పద్ధతినే పట్టుకుంది: చనిపోయిన నాన్న జాన్‌గా జెఫ్రీ డీన్ మోర్గన్‌ని తిరిగి తెచ్చింది. దానికి 2వ సీజన్ 1, 22 చూసుంటే చాలు. భోజనాల బల్ల దగ్గర అమ్మానాన్నలు, కొడుకులు నలుగురూ కూర్చున్న సీన్‌కి ఏడవని ఫ్యాన్ ఉండడు. కానీ రెండోసారి పెట్టుకుని చూసేది మాత్రం 200నే.