బ్రౌజర్‌లో మారిన ధర

“కొలతలు నింపగానే ధర కనపడుతోంది కదా, మళ్లీ సర్వర్‌లో లెక్క ఎందుకు అబ్బయ్యా?” అని చీమకుర్తిలో గ్రానైట్ పలకలు అమ్మే మా బాబాయి, ఆయన కోసం నేను రాసిన సైటు గురించి ఈ ఉదయం అడిగారు.

నేను బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ (పేజీ వెనుక ఉన్న కోడును చూసి మార్చే సాధనాలు) తెరిచి, 18,400 రూపాయల బ్లాక్ గెలాక్సీ రకం గ్రానైట్ ఆర్డరును 10 రూపాయలుగా మార్చి పంపాను. ఆ సైటు దానిని కిక్కురుమనకుండా స్వీకరించింది. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

పేజీని నిర్మించే హెచ్‌టీఎంఎల్, దాని రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌లతో పాటు ఆ పేజీలో లెక్కలు చేసే జావాస్క్రిప్ట్ కోడు కూడా కొనేవారి ఫోనులోకే దిగి అక్కడే నడుస్తుంది కాబట్టి, అది చూపే ధర వారి సౌకర్యానికే తప్ప బిల్లుకు ఆధారం కాదు. సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ ప్రోగ్రామే, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్న అడుగు రేటును తీసుకొని మళ్లీ గుణించాలి.

1995లో బ్రెండన్ ఐక్ 10 రోజుల్లో తొలి రూపమిచ్చిన జావాస్క్రిప్ట్‌ది ఇందులో తప్పేమీ లేదు, తొందర నాది. ఆ 10 రూపాయల ఆర్డరును మాత్రం బాబాయి తీసేయనివ్వలేదు.