మామ్మ రామకోటి పుస్తకంలో నా జ్వరం

2015, గోదావరి పుష్కరాల ఏడాది. జూలైలో మామ్మను కోటిపల్లి రేవుకు తీసుకెళ్లి గౌతమిలో స్నానం చేయించుకొచ్చాను. ఆ ఏడే దీపావళి వెళ్లిన వారానికి నాకు డెంగీ వచ్చింది.

మాది అమలాపురం దగ్గర పల్లె. పొద్దున చలితో మొదలైంది. సాయంత్రానికి కళ్ల వెనకాల ఒకటే పోటు, ఒళ్లంతా చితక్కొట్టినట్టు నొప్పులు. ఓర్చుకోలేక మందుల షాపులో నొప్పుల మాత్ర కొనుక్కుని వేసుకున్నాను. మూడో రోజు రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. లక్షన్నరకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు 62 వేలకు దిగాయి. మాత్ర సంగతి చెప్పగానే డాక్టరు గారు కోప్పడ్డారు. ఈ జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వేసుకోవాలట, నొప్పుల మాత్రలతో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉందట. మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది నాలాగే చేస్తున్నారు. దయచేసి చెయ్యకండి.

అది కార్తీకమాసం. తెల్లవారుజామున కాలవలో స్నానం, అరటి దొప్పలో దీపం, సోమవారాలు ఉపవాసం. ఆ నెలంతా మామ్మ తడిపి ఆరేసుకున్న మడిబట్టే కట్టేది, ఎవరినీ తగలనిచ్చేది కాదు. అలాంటి మనిషి ఆసుపత్రిలో నా వాంతులు దోసిట్లో పట్టింది.

“అత్తయ్యగారూ, మీరు ఇంటికెళ్లండి, మీ మడి...” అంది అమ్మ.

“మడి ఎక్కడికీ పోదులేవే. ముందు వీణ్ణి చూడనీ.”

డెంగీ వైరస్‌ను చంపే మందంటూ లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడమే వైద్యం. ఎన్ని గ్లాసులు తాగానో, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లానో లెక్క రాయమన్నారు డాక్టరు గారు. మామ్మ సంచీలో ఉన్న కాగితమల్లా రామకోటి పుస్తకమే. గడుల్లో శ్రీరామ రాసుకుంటూనే, పక్కన అంచులో నా లెక్క వేసింది. బొండాం నీళ్లో, గంజో ఒక గ్లాసు తాగితే నిలువు గీత. మూత్రానికి వెళ్తే సున్నా.

ఐదో రోజు జ్వరం దిగింది. గండం గడిచిందనుకున్నాం. కానీ అసలు జాగ్రత్తగా ఉండాల్సింది ఇప్పుడేనని, జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజులే ప్రమాదమని డాక్టరు గారు చెప్పారు. అన్నట్టే ఆ రాత్రి కడుపునొప్పి మొదలైంది, చేతులు చల్లబడ్డాయి. ప్లేట్‌లెట్లు 24 వేలు. సెలైన్ ఎక్కుతూనే ఉంది, గంట గంటకీ బీపీ చూస్తున్నారు. నాకు గుర్తున్నదల్లా పెదవికి తగిలే చెంచా, పసుపు వాసన వేసే వేళ్లు, “ఇంకొక్క గుక్క, మా నాన్నవి కదూ” అనే మాట.

తర్వాత అంకెలు పెరిగాయి. ఇంటికొచ్చాక కూడా మూడు వారాలు మెట్లెక్కితే కాళ్లు వణికేవి.

ఇంటికి రాగానే మామ్మ దొడ్లోకి వెళ్లి కొబ్బరి చిప్పలు, కొట్టి పడేసిన బొండాలు ఒక్కొక్కటే బోర్లించింది. వానకు వాటిల్లో నిలిచిన నీళ్లు డెంగీ దోమ పెరగడానికి చాలు. అది కుట్టేదీ ఎక్కువగా పగటిపూటే. ఆ తర్వాత ఏ వాన వెలిసినా చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని దొడ్డంతా తిరిగేది.

మామ్మ 2019లో పోయింది. రాసిన పుస్తకాలన్నీ భద్రాచలం చేర్చాం, ఇదొక్కటి తప్ప. “అందులో మావాడి లెక్కలున్నాయి, ఇంట్లోనే ఉండనీ” అని తనే పక్కన పెట్టింది.

అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. ఐదో రోజు రాత్రి పేజీలో గడులన్నీ ఖాళీ. ఒక్క శ్రీరామ కూడా లేదు. అంచు పొడుగునా గీతలే, వంకరటింకరగా, పదిహేడు. ఆ రాత్రి ఎందుకు రాయలేదని ఒకసారి అడిగాను.

“చెయ్యి ఖాళీ ఏదిరా? ఒక చేత్తో చెంచా పట్టుకున్నాను. రెండోది నువ్వు వదల్లేదు.”