లేబుల్ మీద అంకె

"ఈ బ్యాటరీ ప్యాకుతో నువ్వు నీళ్లలోకి దిగుతావా?"

వర్క్‌షాపులో చేరిన మొదటి వారం మా పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. నాకు ఈత రాదని చెప్పాను. "నేను ఈత గురించి అడగలేదు" అని ఆయన తన పనిలోకి వెళ్లిపోయారు. ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

దేశం విడిచి రాకముందు ఏళ్ల తరబడి ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేశాను. బ్యాటరీల పని తెలుసు కదా అని ఇక్కడ తీసుకున్నారు. ఇక్కడ బాగుచేసేవి డైవర్ల స్కూటర్లు. పేరుకు స్కూటరే గాని దానికి చక్రాలుండవు. పొడవాటి గొట్టంలా ఉంటుంది, వెనక ప్రొపెల్లర్ తిరుగుతుంది, డైవరు పిడి పట్టుకుంటే నీటి అడుగున లాక్కుపోతుంది. ఫోనులో అమ్మకు ఈ సంగతి చెబితే చాలాసేపు ఆలోచించి, "మధ్యలో ఆగిపోతే ఎలా నాన్నా?" అంది. ఈ వృత్తిలో అడగవలసిన మొదటి ప్రశ్నను ఒక్కసారి కూడా సముద్రంలోకి దిగని మనిషి అడిగింది.

మా దగ్గరికి వచ్చే పాత స్కూటర్లలో ఎక్కువ భాగం సీసపు బ్యాటరీలవి. 12 వోల్టులవి రెండు కలిపి 24 వోల్టులు, ఒక్కొక్కటి 18 ఆంపియర్-అవర్లు. ఆంపియర్-అవర్ అంటే ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇవ్వగలిగినంత. ఆ 18 అనేది 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. మోటారు 14 ఆంపియర్లు లాగుతున్నప్పుడు అందులో చాలా భాగం చేతికి రాదు. వాటిని తీసేసి లిథియం ప్యాకు పెడతాం. 18650 రకం సెల్లు 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, బరువు 50 గ్రాములకు అటూఇటూ. పదేసి సెల్లు పక్కపక్కన కలిపి ఒక గుంపు, అలాంటి ఏడు గుంపులు ఒకదాని వెనక ఒకటి. మొత్తం 70 సెల్లు, 25.2 వోల్టులు. నిండా ఛార్జ్ చేస్తే 29.4 వరకు వెళుతుంది కాబట్టి మోటారు కంట్రోలర్ అంత తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

పని మొదలయ్యేది సెల్లులను ఏరడంతో. ప్రతి సెల్లు వోల్టేజీ, లోపలి నిరోధం కొలిచి, దగ్గర దగ్గరగా ఉన్నవే ఒక గుంపులో పెడతాం. 2 వోల్టుల కన్నా కిందికి పడిపోయి చాన్నాళ్లు ఉన్న సెల్లును ఎంత కొత్తగా కనిపించినా పక్కన పారేయాల్సిందే. లోపలి రాగి రేకు కరిగి ఉంటుంది, మళ్లీ ఛార్జ్ చేస్తే షార్ట్ కావచ్చు. ఇక సెల్లు పై కొస సంగతి. మధ్యలో ఉన్న బొడిపె పాజిటివ్ అని అందరికీ తెలుసు. దాని చుట్టూ ఉన్న అంచు మాత్రం నెగెటివ్. ఆ రెంటి మధ్యా ఉన్న రక్షణల్లో పైకి కనిపించేది పలచటి ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే. బొడిపె మీదుగా వేసే నికెల్ పట్టీ ఆ అంచు పైనుంచే వెళుతుంది. తొడుగు ఎక్కడైనా గీరుకుపోతే చాలు, స్కూటరు ఊగిసలాటకు పట్టీ అంచును తాకుతుంది, తాకిన చోట నిప్పు. అందుకే ప్రతి పాజిటివ్ కొసకూ ఒక కాగితపు ఉంగరం అంటిస్తాం. డెబ్బై ఉంగరాలు అంటించడం విసుగు పుట్టించే పనే. కానీ నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. చేతులు నెమ్మదిస్తాయి, ప్రతి సెల్లునూ కళ్లతో ఒకసారి చూసినట్టవుతుంది.

నికెల్ పట్టీ విషయంలో ఒక మోసం ఉంది. నికెల్ పూత పూసిన ఇనుమును కూడా నికెల్ అని అమ్ముతారు. అయస్కాంతంతో తేల్చలేం, నికెల్ కూడా అయస్కాంతానికి అతుక్కుంటుంది. గ్రైండర్ రాయికి పెడితే తెలుస్తుంది. ఇనుమైతే నిప్పురవ్వలు చిమ్ముతాయి, అసలు నికెల్ చిమ్మదు. ఇనుము విద్యుత్తును సరిగా మోయదు, ఉప్పు తేమ తగిలితే తుప్పు పడుతుంది. పట్టీని స్పాట్ వెల్డింగ్‌తోనే, అంటే క్షణకాలం కరెంటు పంపి చుక్కలుగా, అతికించాలి. సోల్డరింగ్ వేడి సెల్లు లోపలికి దిగి దాని ఆయుష్షు తినేస్తుంది.

నేను సొంతంగా కట్టిన మూడో ప్యాకు ఒక గుహ డైవరుది. సెల్లు ఒక్కొక్కటి 3.5 ఆంపియర్-అవర్లు కాబట్టి పది కలిపితే 35. 14 ఆంపియర్లతో భాగిస్తే రెండున్నర గంటలు. లేబుల్ మీద అదే రాసి అంటించాను. వోల్టేజీ చూశాను, ఏడు గుంపులూ సమానంగా ఉన్నాయి. పని అయిపోయిందనుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత ఆయన ప్యాకు పట్టుకుని వచ్చారు. తిరుగు దారిలో, లేబుల్ ప్రకారం ఇంకా పావుగంట మిగిలి ఉండగా మోటారు ఆగిపోయింది. తోడున్న డైవరు తన స్కూటరుకు కట్టుకుని లాక్కొచ్చారు. గుహల్లోకి వెళ్లేవాళ్లు ఇలాంటి దానికి ముందే సిద్ధపడి గాలి మిగుల్చుకుంటారు, అందుకే బయటపడ్డారు. "ఇది ఎవరు కట్టారు?" అని అడిగారు.

నా వీసా ఈ ఉద్యోగానికే ముడిపడి ఉంది. పెద్దాయన నా వైపు చూడలేదు, నా పేరు చెప్పలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందో గాని, "నేనే కట్టానండి" అన్నాను. డైవరు కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర కూర్చుని, "తెరువు, నేనూ చూస్తాను" అన్నారు.

ఇద్దరం కలిసి తెరిచాం. లోడు పెట్టి గుంపుల వోల్టేజీలు ఒక్కొక్కటే చూస్తూ పోయాం. చివరి దాకా ఏడూ కలిసి దిగుతూ వచ్చాయి. అప్పుడు నాలుగో గుంపు ఒక్కటే మెట్టు జారినట్టు పడిపోయింది, సెల్లులకు కాపలా కాసే సర్క్యూటు (బీఎంఎస్) మొత్తం ప్యాకును ఆపేసింది. సన్న ముక్కు పట్టకారుతో ఆ గుంపులో పట్టీలు లాగి చూస్తే ఒక సెల్లు మీద పట్టీ ఊడి చేతికొచ్చింది. వెల్డింగ్ చుక్కలు పైకి మచ్చల్లా కనిపిస్తున్నాయి, కింద అతుకు లేదు. పది సెల్లుల గుంపు తొమ్మిదితో నడిచింది. పదో వంతు తక్కువ, అంటే సరిగ్గా ఆ పావుగంట. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ కొలిస్తే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు. నేను లేబుల్ మీద రాసింది కొలిచిన అంకె కాదు, గుణించిన అంకె. ఆ రాత్రి గదిలో అమ్మ మాట గుర్తొచ్చి ఫోను చేయబోయి మానేశాను.

ఆ రోజు నుంచి ప్రతి వెల్డింగ్ చుక్కనూ లాగి చూస్తాను. ప్యాకును నిండా ఛార్జ్ చేసి, మోటారు లాగేంత లోడు మీద చివరిదాకా ఖాళీ చేసి, గుంపుల వారీగా రాసుకున్న కాగితం డైవరు చేతికే ఇస్తాను. ఒక్కో ప్యాకుకు సగం రోజు అదనంగా పడుతుంది. పెద్దాయన ఏనాడూ వద్దనలేదు.

తర్వాతి పని బరువు సరిచూడటం. సీసపు బ్యాటరీలు రెండూ కలిపి 12 కిలోల దాకా ఉంటే, మా సెల్లులు మూడున్నర కిలోలు. గొట్టం పరిమాణం మారదు కాబట్టి ఆ తేడా అంతా సీసపు దిమ్మలుగా తిరిగి లోపలికి వెళ్లాలి, లేకపోతే స్కూటరు బెండులా పైకి తేలుతుంది. దిమ్మలు ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే, ముక్కు వంగితే డైవరు మణికట్టు రోజంతా నొప్పెడుతుంది. తొట్టిలో దించి, చేయి వదిలితే పైకీ రాకుండా కిందికీ పోకుండా నిలవాలి. ఉప్పునీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం బరువైనది కాబట్టి ఏ నీళ్లలో వాడతారో అడిగి మరీ దిమ్మలు సర్దుతాం.

మూత దగ్గర నీటిని ఆపే రబ్బరు ఉంగరం (ఓ-రింగు) మీద ఒక్క వెంట్రుక పడినా నీరు దారి చేసుకుంటుంది. 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి నాలుగు రెట్లు. ఉప్పునీరు ప్యాకును తాకితే విద్యుత్తు ఆ నీటిని విడగొట్టి హైడ్రోజన్, క్లోరిన్ వాయువులు పుట్టిస్తుంది. మూత బిగించి ఉన్న గొట్టంలో అది బాంబుతో సమానం. నీరు చేరిన స్కూటరును ఆరుబయటే, ముఖం పక్కకు పెట్టుకుని తెరవాలని పెద్దాయన నాకు రెండుసార్లు చెప్పారు. ఏదైనా రెండోసారి చెప్పడం ఆయన అలవాటు కాదు.

కొందరు డైవర్లు విమానంలో తీసుకెళతామంటారు. 35 ఆంపియర్-అవర్లను 25.2 వోల్టులతో గుణిస్తే ఈ ప్యాకు 882 వాట్-అవర్లు. ప్రయాణికుల వెంట అనుమతి లేకుండా 100 వాట్-అవర్లు, విమాన సంస్థ ఒప్పుకుంటే 160 వరకే. సరుకుగా పంపాలంటే ఐక్యరాజ్య సమితి నిర్దేశించిన యూఎన్ 38.3 పరీక్షలు దాటిన ప్యాకు కావాలి, చేత్తో కట్టినదానికి అవి ఉండవు. ఎంత బతిమాలినా కాదని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

మొన్న ఆ గుహ డైవరు అదే ప్యాకును రెండేళ్ల పరీక్షకు తెచ్చారు. మూత తీసి ముందు వాసన చూశాను. కారిన సెల్లు ఉంటే తియ్యటి ఘాటు వస్తుంది, అదేమీ లేదు. లోపల పొడిగా ఉంది. లోడు మీద పెట్టి ఇద్దరం కూర్చున్నాం. ఏడు గుంపులూ చివరిదాకా కలిసే దిగాయి. పాత లేబుల్ మీద మరమ్మతు రోజున కొలిచి రాసిన 33.6 ఆంపియర్-అవర్లు ఉంది. దాన్ని గీరి తీసేసి 31.9 అని రాశాను, కింద తేదీ, నా పేరు. ఆయన చదువుకుని, జేబులోంచి తన చిన్న పుస్తకం తీసి, వెనక్కి తిరగాల్సిన సమయాన్ని ఏడు నిమిషాలు ముందుకు జరిపి రాసుకున్నారు.